వెనక డిఫరెన్షియల్ ఆయిల్ ఇంట్లోనే మార్చడం: 2013 సయాన్ ఎఫ్‌ఆర్-ఎస్

ఎర్ర కూపే (ప్లానో, టెక్సస్):

అందరికీ నమస్కారం. ఈ మధ్య ఒక 2013 సయాన్ ఎఫ్‌ఆర్-ఎస్ పాత బండి కొన్నాను. మాన్యువల్ గేర్లు, ఓడోమీటరు 71 వేల మైళ్లు చూపిస్తోంది. పాత యజమాని ఇంజిన్ ఆయిల్, బ్రేకుల రసీదులన్నీ జాగ్రత్తగా దాచి ఇచ్చారు. వాటిలో వెనక డిఫరెన్షియల్ (ఇంజిన్ బలాన్ని రెండు వెనక చక్రాలకూ పంచే గేర్ల పెట్టె) ఊసు మాత్రం ఎక్కడా లేదు. అంటే ఫ్యాక్టరీలో పోసిన ఆయిలే ఇప్పటికీ అందులో తిరుగుతూ ఉండవచ్చు.

ఇంజిన్ ఆయిల్, బ్రేక్ ప్యాడ్లు ఇంట్లోనే మార్చుకుంటాను. డిఫరెన్షియల్ జోలికి మాత్రం ఇంతవరకు పోలేదు. వచ్చే శనివారం ఈ పని పెట్టుకుందామని ఉంది. ఏ ఆయిల్ కొనాలి, ఎంత పడుతుంది, ఏ పనిముట్లు కావాలి, ముందు ఏది విప్పాలి, దయచేసి చెప్పండి. విడిభాగాల దుకాణంలో అడిగితే "లిమిటెడ్ స్లిప్ (ఒక చక్రం ఊరికే జారిపోకుండా అదుపు చేసే రకం) కదా, ఫ్రిక్షన్ మాడిఫయర్ (ఆయిల్‌లో కలిపే మందు) సీసా కూడా తీసుకోండి" అన్నారు. అది నిజంగా అవసరమా?

మంచు దారి (ఆన్ ఆర్బర్, మిషిగన్):

నా దగ్గర అదే బండి సుబారు బీఆర్‌జెడ్ పేరుతో ఉంది. ఎఫ్‌ఆర్-ఎస్, టొయోటా 86, బీఆర్‌జెడ్ మూడూ తోబుట్టువులే కాబట్టి నేను చెప్పేవి మీకూ సరిపోతాయి.

ఆయిల్: చిక్కదనం 75డబ్ల్యూ-85, తరగతి ఏపీఐ జీఎల్-5. పట్టేది 1.15 లీటర్లు. ఇక్కడే చాలామంది పొరబడతారు. అమెరికాలో సీసాలు క్వార్ట్ లెక్కన వస్తాయి, క్వార్ట్ అంటే 0.946 లీటరు. ఒక్క సీసా సరిపోదు, రెండు కొనండి. బండి జాకీ మీద ఉండగా పావు లీటరు కోసం దుకాణానికి వెళ్లడం కుదరదు కదా.

పనిముట్లు: 10 మి.మీ. అలెన్ బిట్ ఉన్న సాకెట్, అర అంగుళం రాట్చెట్, పొడవాటి బ్రేకర్ బార్ (బిగుసుకున్నవి విప్పే పిడి), టార్క్ రెంచ్ (బిగింపు కొలిచే పానా), సీసా మూతికి బిగించే చేతి పంపు, రెండు కొత్త ప్లగ్గు వాషర్లు, పాత ఆయిల్ పట్టుకోవడానికి పళ్లెం. నింపే ప్లగ్గు, దించే ప్లగ్గు రెండూ డిఫరెన్షియల్ వెనక వైపునే, ఒకటి పైన ఒకటి కింద ఉంటాయి. రెండింటికీ బిగింపు 49 న్యూటన్ మీటర్లు, అంటే 36 ఫుట్ పౌండ్లు.

చేతి గ్లవ్స్ మరిచిపోకండి. గేర్ ఆయిల్ వాసన ఒకసారి పట్టుకుంటే సబ్బుకు లొంగదు.

బెజవాడ స్పానర్ (విజయవాడ):

మంచు దారి గారు కొలతలన్నీ చెప్పారు. నేను ఆటోనగర్‌లో లారీ హౌసింగులు (వెనక డిఫరెన్షియల్ పెట్టెలు) విప్పుతూ పెరిగినవాణ్ణి. ఒక్క మాట గట్టిగా చెబుతాను: ముందు పైన ఉన్న నింపే ప్లగ్గు విప్పండి. అది వదులైందని చేతితో తిప్పి చూసుకున్నాకే కింది ప్లగ్గు మీద పానా పెట్టండి.

ఎందుకంటే కింది ప్లగ్గు ఎలాగైనా వస్తుంది. ఆయిల్ అంతా దిగిపోయాక పై ప్లగ్గు మొరాయిస్తే మీ బండి అక్కడే ఉండిపోతుంది. కొత్త ఆయిల్ పోసే దారి లేదు, పాత ఆయిల్ లేదు. ఆయిల్ లేని క్రౌన్ వీలు (లోపలి పెద్ద పళ్ల చక్రం), పినియన్లతో (దాన్ని తిప్పే చిన్న గేరు) మెకానిక్ దగ్గరికి నడుపుకొని వెళ్లలేరు. లారీ అయినా స్పోర్ట్స్ కారు అయినా ఈ వరుస మారదు.

రెండోది. ప్లగ్గు నడిమి గుంటలో ఏళ్ల తరబడి మట్టి, గ్రీజు గట్టిపడి ఉంటాయి. సన్నటి మేకుతోనో స్క్రూడ్రైవరుతోనో గోకి, బ్రేక్ క్లీనర్ కొట్టి, అడుగు లోహం కనబడేదాకా శుభ్రం చేయండి. అలెన్ బిట్ పెట్టి సుత్తితో చిన్నగా రెండు దెబ్బలు వేయండి. బిట్ పూర్తిగా అడుగుకు దిగాలి. సగం లోతులో పెట్టి బలం వేస్తే ఆరు మూలలూ అరిగి గుండ్రంగా తయారవుతుంది. ఆ తర్వాత వెల్డింగ్ మనిషిని పిలవాల్సిందే.

అమెరికాలో ఉన్నారు కాబట్టి మరొకటి. మీ పెట్టెలో అంగుళాల సెట్ ఉంటుంది. 3/8 అంగుళం అలెన్ చూడటానికి 10 మి.మీ.లాగే ఉంటుంది, ప్లగ్గులోకి దిగుతుంది కూడా. కానీ అది 9.5 మి.మీ. మాత్రమే. ఆ అర మిల్లీమీటరు ఖాళీయే ప్లగ్గును పాడుచేస్తుంది. బిట్ మీద అంకె చదివి పెట్టండి తమ్ముడూ.

ఎర్ర కూపే:

స్పానర్ గారూ, చాలా ధన్యవాదాలు. నా పెట్టెలో ఉన్నది సరిగ్గా ఆ 3/8 అంగుళమే. ఈ రోజే 10 మి.మీ. బిట్ తెప్పించాను.

ఫ్రిక్షన్ మాడిఫయర్ సంగతి ఎవరూ చెప్పలేదు. ఇంకో సందేహం, దుకాణంలో 75డబ్ల్యూ-85 లేదు, 75డబ్ల్యూ-90 ఉంది. అది పోస్తే తప్పా?

పినియన్ మాస్టారు (రాజమహేంద్రవరం):

పాలిటెక్నిక్‌లో ఆటోమొబైల్ పాఠాలు చెప్పి రిటైరయ్యాను. ఫ్రిక్షన్ మాడిఫయర్ ప్రశ్నకు జవాబు కావాలంటే ముందు మీ బండిలో ఏ రకం లిమిటెడ్ స్లిప్ ఉందో తెలియాలి. అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను.

మలుపులో బయటి చక్రం ఎక్కువ దూరం తిరగాలి, లోపలి చక్రం తక్కువ తిరగాలి. ఆ తేడాను సర్దే యంత్రానికి 1827లో ఫ్రాన్సులో ఒనెసిఫోర్ పెక్కర్ పేటెంట్ తీసుకున్నాడు. అప్పట్లో అది ఆవిరి బండి కోసం. సాధారణ డిఫరెన్షియల్‌తో చిక్కు ఏమిటంటే, రెండు చక్రాలకూ సమానమైన టార్కే (తిప్పే బలమే) ఇస్తుంది. ఒక చక్రం జారితే దానికి అందే టార్క్ పడిపోతుంది, దానితోపాటే పట్టు ఉన్న రెండో చక్రానిదీ పడిపోతుంది. బురదలో దిగబడిన జీపు ఒక చక్రాన్ని గిర్రున తిప్పుతూ అక్కడే ఉండిపోవడం మన ఊళ్లలో అందరూ చూసిందే.

దీన్ని అదుపు చేయడానికి స్పోర్ట్స్ కార్లలో ముఖ్యంగా రెండు దారులు ఉన్నాయి. మొదటిది క్లచ్ ప్లేట్ల రకం. పక్కపక్కన పేర్చిన పలుచని పలకలు ఒకదానిపై ఒకటి ఒరుసుకుంటూ రెండు చక్రాల వేగంలో తేడాను ఆపుతాయి. ఆ పలకలు పట్టి వదిలేటప్పుడు కుదుపు, గరగర రాకుండా ఉండటానికే ఫ్రిక్షన్ మాడిఫయర్. రెండోది టోర్సెన్. దీనికి అమెరికన్ ఇంజినీరు వెర్నన్ గ్లీజ్‌మన్ 1958లో పేటెంట్ పొందాడు. ఇందులో పలకలు లేవు, అన్నీ ఏటవాలు పళ్ల గేర్లే. టార్క్ పడినప్పుడు ఆ గేర్లు తమ గోడలకేసి ఒత్తుకుంటాయి. ఆ రాపిడే పట్టు ఉన్న చక్రానికి ఎక్కువ టార్క్ పంపుతుంది. మీ ఎఫ్‌ఆర్-ఎస్‌లో ఉన్నది టోర్సెన్. దానికి మాడిఫయర్ సీసా అక్కరలేదు. రాపిడి మీదే బతికే యంత్రంలో రాపిడి తగ్గించే మందు కలపడం ఎందుకు?

ఇక జీఎల్-5 సంగతి. మీ బండిలో పినియన్ ఇరుసు క్రౌన్ వీలు కేంద్రానికి సూటిగా ఉండదు, కిందికి జరిగి ఉంటుంది. దీన్నే హైపాయిడ్ అంటారు. 1920ల చివర్లో ప్యాకార్డ్ కార్లలో వచ్చి త్వరలోనే అంతటా పాకింది. ప్రొపెల్లర్ షాఫ్టు కిందికి దిగడంతో బండి నేల ఎత్తు తగ్గించగలిగారు. దానికి మూల్యం ఉంది. మామూలు గేరులో పళ్లు ఒకదానిపై ఒకటి దొర్లుతాయి, హైపాయిడ్‌లో దొర్లుతూనే పొడవునా జారుతాయి కూడా. అంత ఒత్తిడిలో జారితే నూనె పొర తెగి లోహం లోహాన్ని తాకుతుంది. అప్పుడు రక్షించేది గంధకం, భాస్వరం కలిసిన రసాయనాలే. వేడి, ఒత్తిడి పెరిగిన చోట అవి లోహంతో చర్య జరిపి పంటి మీద బలిపొరను ఏర్పరుస్తాయి. గీసుకుపోయేది ఆ పొర, పన్ను కాదు. గేర్ ఆయిల్‌కు ఆ ఘాటైన వాసన రావడానికి కారణం కూడా గంధకమే.

కాలక్రమంలో ఆ రసాయనాలు ఖర్చయిపోతాయి. రంగు బాగున్నా, జిగురు ఉన్నట్టే కనిపించినా ఆయిల్ పనితనం తగ్గిపోతుంది. అందుకే మార్చాలి.

మంచు దారి:

మాస్టారూ, ఇంత స్పష్టంగా ఎక్కడా చదవలేదు.

75డబ్ల్యూ-90 గురించి: ఇంజిన్ ఆయిల్ అంకెలతో పోల్చి భయపడకండి. గేర్ ఆయిల్‌కు ఎస్‌ఏఈ జే306 అని వేరే కొలబద్ద ఉంది. అందులో 90 అంటే 100 డిగ్రీల సెల్సియస్ దగ్గర 13.5 నుంచి 18.5 సెంటీస్టోక్సుల (చిక్కదనం కొలత) లోపు. ఇంజిన్ ఆయిల్ లెక్కలో చూస్తే అది 40కి, 50కి మధ్య పడుతుంది. 85 అంటే 11 నుంచి 13.5 లోపు. అంటే 90 కాస్త చిక్కన, అంతే. ముందున్న 75డబ్ల్యూ మాత్రం మైనస్ 40 డిగ్రీల చలిలో ఎంత చిక్కబడవచ్చో చెప్పే హద్దు, అది రెండింటికీ ఒకటే.

నేను 85 మీదే ఉంటాను. మిషిగన్ జనవరిలో ఇల్లు దాటిన మొదటి రెండు మైళ్లు డిఫరెన్షియల్ బరువుగా కదులుతుంది, పలుచనిదే మేలు. పైగా తయారీదారు చెప్పింది అదే.

క్రెసన్ మలుపు (ఫోర్ట్ వర్త్, టెక్సస్):

నేను 75డబ్ల్యూ-90 వైపు. క్రెసన్‌లోని మోటర్‌స్పోర్ట్ రాంచ్ ట్రాక్‌కు నా 86ను తరచూ తీసుకెళ్తాను. టెక్సస్ ఆగస్టులో ఇరవై నిమిషాలు ఆపకుండా తిప్పితే డిఫరెన్షియల్ దగ్గర చెయ్యి పెట్టలేం. ఆ వేడిలో 85 పలచబడిపోతుంది. నాణ్యమైన పూర్తి సింథటిక్ 90 పోస్తే పొర నిలుస్తుంది. రోడ్డు మీద మాత్రమే తిప్పే బండికి 85 చాలు, ఆ మాట నేను కూడా ఒప్పుకుంటాను.

కానీ "బండి మాన్యువల్ పుస్తకం తనిఖీ చేయమందే గాని మార్చమనలేదు, కాబట్టి జీవితాంతం అదే ఆయిల్" అని కొందరు అంటుంటారు. దాన్ని నేను అస్సలు ఒప్పుకోను. ఎవరి జీవితాంతం? వారంటీ ఉన్నంత కాలమా, బండి ఉన్నంత కాలమా? డిఫరెన్షియల్‌కు ఇంజిన్‌లాగా ఫిల్టరు లేదు. కొత్తలో పళ్లు ఒకదానికొకటి సర్దుకునేటప్పుడు రాలిన లోహపు పొడి అంతా ఆ లీటరు ఆయిల్‌లోనే తిరుగుతూ ఉంటుంది. ట్రాక్‌కు వెళ్లే బండికి నేను ఏటా మారుస్తాను. రెండు సీసాల ఖర్చుకు వెనకాడి క్రౌన్ పినియన్ సెట్ పోగొట్టుకోవడం నాకు అర్థం కాని లెక్క.

నీలి ముస్టాంగ్ (హైదరాబాద్):

ఒక పక్క ప్రశ్న, మన్నించండి. నాది 2017 ఫోర్డ్ ముస్టాంగ్ జీటీ. మీరంతా కింది ప్లగ్గు అంటున్నారు. నా బండి కింద ఎంత వెతికినా నింపే ప్లగ్గు ఒక్కటే కనబడింది. దించే ప్లగ్గు ఎక్కడ?

క్రెసన్ మలుపు:

లేదండి. ఆ తరం ముస్టాంగ్ డిఫరెన్షియల్‌కు దించే ప్లగ్గే ఇవ్వలేదు. వెనక కవరు విప్పాలంటే దాన్నే సబ్‌ఫ్రేముకు బిగించి ఉంచారు కాబట్టి డిఫరెన్షియల్‌ను కొంత కిందికి దించాలి. ఇంట్లో చేసేవారు పీల్చే పంపు వాడతారు. బండి కొంతదూరం నడిపి ఆయిల్ వేడెక్కాక, నింపే రంధ్రంలోంచి సన్నటి గొట్టం అడుగుదాకా పంపి లాగేయాలి. అడుగున కొంత మిగిలిపోతుంది. అందుకని తొందరగానే మరోసారి మార్చితే మంచిది.

మీ బండిలో ఉన్నది క్లచ్ ప్లేట్ల లిమిటెడ్ స్లిప్. మాస్టారు చెప్పిన మాడిఫయర్ మీకు కావాలి. కొన్ని ఆయిల్స్‌లో అది ముందే కలిపి ఉంటుంది, సీసా వెనక చదివి చూడండి. కలిపి ఉంటే మళ్లీ పోయకండి.

నీలి ముస్టాంగ్:

ఎంత పెద్ద గండం తప్పించారండి! కవరు బోల్టులు విప్పడానికి మెకానిక్‌తో మాట్లాడి ఉంచాను. ఇప్పుడే ఫోను చేసి ఆపించాను.

పొద్దుతిరుగుడు (ఎడిసన్, న్యూజెర్సీ):

ఇంతమంది ఇంత రాశారు, బండి కిందికి ఎలా దూరాలో ఒక్కరూ రాయలేదు. నా మాజ్డా మియాటాకు ఈ పనులన్నీ నేనే చేసుకుంటాను, ఈ విషయంలో నాకు పట్టుదల ఎక్కువ.

ఎర్ర కూపే గారూ, నింపే రంధ్రం అంచుదాకా ఆయిల్ రావడమే ఇక్కడ కొలత. కాబట్టి బండి ముందూ వెనకా సమానంగా ఎత్తాలి. వెనక మాత్రమే ఎత్తితే డిఫరెన్షియల్ వాలి, రంధ్రం వెనక వైపునే ఉంది కాబట్టి అసలు మట్టం తప్పిపోతుంది. నాలుగు జాక్ స్టాండులు, చదునైన సిమెంటు నేల. డ్రైవ్‌వే వాలుగా ఉంటే గ్యారేజీ లోపలే చేయండి. మీ బండి వెనక భాగాన్ని డిఫరెన్షియల్ కింద జాకీ పెట్టి ఎత్తవచ్చు. అలా ఎత్తాక బరువును పక్క అంచుల కింద స్టాండుల మీదికి దించి, జాకీ తీసేయండి. పని చేసే చోటే జాకీ ఉంటే ప్లగ్గు అందదు కూడా.

స్టాండుల మీద పెట్టాక, కిందికి వెళ్లకముందే బండిని పక్కనుంచి రెండు చేతులతో బలంగా ఊపండి. కదిలితే ఇప్పుడే కదలాలి. బ్రేకర్ బార్ మీద మీరు బలం వేసేటప్పుడు బండి మీద కూడా అదే బలం పడుతుంది, మరచిపోకండి. విప్పిన చక్రం ఏదైనా ఉంటే బండి అంచు కింద పడుకోబెట్టండి. హైడ్రాలిక్ జాకీ ఒక్కదాన్ని నమ్ముకొని ఎవరూ కిందికి దూరవద్దు, రెండు నిమిషాల పనికైనా సరే. ఇంట్లో ఎవరికైనా చెప్పి మొదలుపెట్టండి.

ఇంకొకటి, పది పదిహేను నిమిషాలు నడిపి వచ్చి చేస్తే ఆయిల్ తేలిగ్గా దిగుతుంది. అలాగని దిగగానే కిందికి దూరకండి, సైలెన్సర్ గొట్టాలు ఆ పక్కనే ఉంటాయి. గోరువెచ్చగా ఉంటే చాలు.

ఎర్ర కూపే:

నాలుగు స్టాండుల సంగతి నాకు తట్టనే లేదు, మరో జత తెచ్చాను. 75డబ్ల్యూ-85 ఆన్‌లైన్‌లో దొరికింది. రేపు ఉదయమే మొదలు.

ఎర్ర కూపే:

శనివారం, ఉదయం. బండి ఎత్తాను, ఊపి చూశాను, రాయిలా ఉంది. గుంట శుభ్రం చేశాను, బిట్ అడుగుదాకా దిగింది. కానీ పై ప్లగ్గు కదలడం లేదు. బ్రేకర్ బార్ వంగుతోందే గాని ప్లగ్గు అలాగే ఉంది. కింది ప్లగ్గు ఇంకా ముట్టుకోలేదు. స్పానర్ గారూ, ఇక్కడ ఉన్నారా?

బెజవాడ స్పానర్:

ఉన్నాను, ఇక్కడ రాత్రి భోజనం అయింది, తీరిగ్గానే ఉన్నాను. కింద ముట్టుకోలేదు కాబట్టి కంగారు పడే పనే లేదు. ఏమీ కుదరకపోతే బండి దించి నడుపుకొని వెళ్లగలరు.

మొదట తిప్పే దిక్కు సరిచూసుకోండి. బండి కింద వెల్లకిలా పడుకుంటే కుడి ఎడమలు తారుమారైనట్టు అనిపిస్తుంది. ప్లగ్గు తలను ఎదురుగా చూస్తున్నట్టు ఊహించుకుని, గడియారానికి వ్యతిరేక దిశ.

తర్వాత ప్లగ్గు అంచు చుట్టూ తుప్పు వదిలించే స్ప్రే కొట్టి పదిహేను నిమిషాలు వదిలేయండి. బిట్ పెట్టి, దాని తల మీద సుత్తితో సూటిగా నాలుగైదు దెబ్బలు వేయండి. ఆ అదురుకే వాషర్ దగ్గర పట్టు విడుతుంది. అప్పుడు బార్ మీద వేలాడకుండా, ఒక చేత్తో సాకెట్ తలను ప్లగ్గులోకి నొక్కి పట్టుకుని, రెండో చేత్తో బార్‌ను ఒక్క ఊపున కుదపండి. నెమ్మదిగా పెంచే బలం కంటే చిన్న కుదుపు బాగా పని చేస్తుంది.

పొద్దుతిరుగుడు:

గ్యాస్ టార్చ్ తీయవద్దు. ఇప్పుడే స్ప్రే కొట్టారు, పైన పెట్రోలు ట్యాంకు ఉంది. వేడి కావాలంటే హీట్ గన్ చాలు, అదీ స్ప్రే అంతా తుడిచేశాకే.

ఎర్ర కూపే:

వచ్చింది! స్ప్రే, సుత్తి, కుదుపు, అదే వరుసలో చేశాను. టప్‌మని పెద్ద శబ్దం, ఏదో విరిగిందనుకున్నాను. చూస్తే ప్లగ్గు చేతితో తిరుగుతోంది. వాషర్ నలిగి పలుచని రేకులా అయిపోయింది. ఇంతకుముందు ఎవరో అవసరానికి మించి బిగించి ఉండాలి. అంటే రసీదు లేకపోయినా ఈ ఆయిల్ ఒకసారి మార్చే ఉంటారా?

కింది ప్లగ్గు సులువుగా వచ్చింది. ఆయిల్ ముదురు గోధుమ రంగులో ఉంది, నలుపు కాదు. పళ్లెంలో వెలుతురుకు పట్టి చూస్తే సన్నటి మెరుపు కనిపిస్తోంది. ప్లగ్గు చివర ఉన్న అయస్కాంతానికి బూడిద రంగు ముద్ద అంటుకుని ఉంది. వేళ్ల మధ్య రుద్దితే మెత్తగా ఉంది, గుచ్చుకోవడం లేదు. మాస్టారూ, ఇది మంచిదేనా?

పినియన్ మాస్టారు:

మంచిదే. మెత్తటి బూడిద ముద్ద మామూలు అరుగుదల. తుడిచేసి అయస్కాంతాన్ని శుభ్రం చేయండి. కంగారు పడాల్సింది వేరే వాటికి. వేలికి గుచ్చుకునే రేకులు, పంటి ముక్క, సూదిలాంటి తునకలు కనిపిస్తే బేరింగో గేరో పోతోందని అర్థం. ఆయిల్ పాలు కలిపినట్టు తెల్లగా ఉంటే నీళ్లు చేరాయి. మాడిన వాసనతో నల్లగా చిక్కబడితే విపరీతమైన వేడి చూసింది. మీ వర్ణనలో ఇవేవీ లేవు.

వాషర్ చూసి ఒకసారి మార్చారని నమ్మకంగా చెప్పలేం. ఎవరైనా మట్టం చూడటానికి పై ప్లగ్గు మాత్రమే విప్పి, పాత వాషర్‌తోనే గట్టిగా బిగించి ఉండవచ్చు. ఇప్పుడు మీరు మార్చారు కాబట్టి తేదీ, మైళ్లు ఒక కాగితం మీద రాసి గ్లవ్ బాక్సులో పెట్టండి. లెక్క ఇక్కడి నుంచే మొదలు.

నింపేముందు ఒక పని మిగిలింది. డిఫరెన్షియల్ పైభాగంలో చిన్న గాలి గొట్టం ఉంటుంది, బ్రీదర్ అంటారు. లోపల వేడెక్కిన గాలి అక్కడి నుంచే బయటికి పోవాలి. అది మట్టితో పూడితే ఒత్తిడి పెరిగి ఆయిల్ సీళ్ల దగ్గర కారడం మొదలవుతుంది. చాలామంది సీలు పాడైందని మారుస్తారు, కొత్త సీలు కూడా కారుతుంది, కారణం మాత్రం అక్కడే ఉండిపోతుంది. చేయి అందితే దాని మూత తుడిచి చూడండి.

ఎర్ర కూపే:

బ్రీదర్ మూత మీద మట్టి ఉంది, తుడిచాను, స్వేచ్ఛగా కదులుతోంది. కింది ప్లగ్గు కొత్త వాషర్‌తో 36 ఫుట్ పౌండ్లకు బిగించాను. పంపుతో నింపడం చాలా నెమ్మదైన పని, చేయి లాగేసింది. మొదటి సీసా పూర్తిగా, రెండోదాంట్లో పావు కంటే కొంచెం తక్కువ పట్టింది. రంధ్రం అంచు నుంచి సన్నటి ధార కారడం మొదలైంది.

మంచు దారి:

ఆ ధార చుక్కలుగా మారేదాకా ఆగి, అప్పుడు పై ప్లగ్గు బిగించండి. "ఇంకొంచెం ఉంటే మంచిదేగా" అని బండి వాల్చి ఎక్కువ పోసేవారు ఉన్నారు. ఎక్కువైతే గేర్లు ఆయిల్‌ను చిలికి నురగ చేస్తాయి, నురగకు పట్టు ఉండదు, మిగిలింది బ్రీదర్‌లోంచి బయటికి కక్కుతుంది.

బిగించాక చుట్టుపక్కల అంతా బ్రేక్ క్లీనర్‌తో తుడవండి. అప్పుడే రేపు తడి కనబడితే అది కొత్త కారుడో పాత జిడ్డో తెలుస్తుంది.

కొత్త సభ్యుడు (ఆస్టిన్, టెక్సస్):

నాది 2015 బీఆర్‌జెడ్. రెండో గేరులో యాక్సిలరేటర్ వదిలి మళ్లీ తొక్కినప్పుడు వెనకనుంచి టక్ అని శబ్దం వస్తుంది. ఈ చర్చ చదివాక ఆయిల్ మార్చితే పోతుందనిపిస్తోంది. సరేనా?

క్రెసన్ మలుపు:

ఆయిల్ మార్చండి, మంచిదే. కానీ ఆ టక్ శబ్దం దానితో పోతుందని ఆశ పెట్టుకోవద్దు. తొక్కినప్పుడు, వదిలినప్పుడు ఒక్కసారి టక్ అంటే ముందు డిఫరెన్షియల్‌ను పట్టుకునే రబ్బరు బుష్‌లు, వాటి బోల్టులు చూడండి. తర్వాత యాక్సిల్ జాయింట్లు. వేగంతో పాటు స్వరం పెరిగే ఊళ లాంటి శబ్దమైతే అప్పుడు గేర్లను, బేరింగులను అనుమానించాలి. అరిగిన పంటిని కొత్త ఆయిల్ తిరిగి మొలిపించదు. చిక్కటి ఆయిల్ పోసి శబ్దాన్ని కొన్నాళ్లు కప్పిపుచ్చే అలవాటు పాత బండ్లు అమ్మేవారిలో ఉంది. కొనేవారికి అది తీరని అన్యాయం.

బెజవాడ స్పానర్:

నిజం. మా దగ్గర కూడా ఊళ వేసే హౌసింగులో 90 నంబరు తీసేసి 140 నంబరు పోసి అమ్మేవారిని చూశాను. కొన్న డ్రైవరు లోడుతో ఘాట్ ఎక్కాక బయటపడుతుంది. ఆ పని చేసేవారిని నేను మెకానిక్ అనను.

పొద్దుతిరుగుడు:

పాత ఆయిల్ ఏం చేస్తున్నారు? ఖాళీ అయిన సీసాల్లోనే పోసి మూత బిగించి దుకాణానికి తీసుకెళ్లండి. ఆటోజోన్, ఓరైలీ లాంటి దుకాణాలు వాడిన గేర్ ఆయిల్‌ను ఉచితంగా తీసుకుంటాయి. బ్రేక్ క్లీనర్ గాని, కూలెంట్ గాని అందులో కలపకండి, కలిస్తే తీసుకోరు.

బెజవాడ స్పానర్:

ఇక్కడా చెప్పుకోవాల్సిన విషయమే అది. మన దగ్గర కాలిన ఆయిల్‌ను చెదలకు మందని గుమ్మాలకు పూస్తారు, దుమ్ము లేవకుండా షెడ్డు ముందు నేల మీద పోస్తారు. ఆ నేలలోంచే బోరు నీళ్లు తాగుతున్నాం. అధీకృత రీసైక్లింగ్ వాళ్లు డ్రమ్ముల లెక్కన కొనుక్కుంటారు. మా వీధిలో నలుగురం కలిసి ఒకే డ్రమ్ములో పోసి వాళ్లకే ఇస్తున్నాం.

ఎర్ర కూపే:

ఆదివారం. నిన్న సాయంత్రం నలభై మైళ్లు తిప్పాను, రాత్రంతా కింద అట్టముక్క పరిచి ఉంచాను. ఒక్క చుక్క లేదు. ప్లగ్గుల చుట్టూ పొడిగా ఉంది. నడకలో పెద్ద తేడా తెలియలేదు, తెలియాలని కూడా అనుకోలేదు. లోపల ఏముందో ఇప్పుడు నాకు తెలుసు, నాకు కావలసింది అదే. పాత ఆయిల్ దుకాణంలో ఇచ్చేశాను.

గ్లవ్ బాక్సు కాగితం కూడా రాశాను మాస్టారూ. ఇక గేర్‌బాక్సు మిగిలింది. రెండో సీసాలో ముప్పావు వంతు జీఎల్-5 ఉంది, ఇంకో రెండు సీసాలు కొంటే గేర్‌బాక్సుకు కూడా సరిపోతుందా?

పినియన్ మాస్టారు:

వద్దు! ఆ సీసాను గేర్‌బాక్సు దరిదాపులకు తీసుకెళ్లకండి. గేర్‌బాక్సులో సింక్రోనైజర్ రింగులు (గేరు మార్చేటప్పుడు వేగాలను సరిపోల్చేవి) ఇత్తడి జాతి లోహంతో చేసి ఉంటాయి. హైపాయిడ్ పళ్లను కాపాడే ఆ గంధకపు రసాయనాలే కొన్ని జీఎల్-5 ఆయిల్స్‌లో పసుపు లోహాన్ని తినేస్తాయి. దానికితోడు సింక్రో రింగు పని చేయాలంటే దానికి తగినంత రాపిడి ఉండాలి. మరీ జారుడుగా ఉంటే గేరు పడేటప్పుడు గరగరలాడుతుంది. మీ మాన్యువల్ పుస్తకంలో గేర్‌బాక్సుకు ఏ తరగతి రాశారో ఆ తరగతి 75డబ్ల్యూ-90 విడిగా కొనండి.

మంచు దారి:

గేర్‌బాక్సుకు 2.2 లీటర్లు పడుతుంది, మూడు క్వార్ట్‌లు కొనండి. ఆ ప్లగ్గుల సైజు, బిగింపు వేరు, ఈ కొలతలు అక్కడ వాడకండి. దానికి విడిగా ఒక చర్చ మొదలుపెడితే నా దగ్గర ఉన్న ఫోటోలు అక్కడ పెడతాను. మిగిలిన జీఎల్-5 సీసా మూత గట్టిగా బిగించి, మీద "డిఫరెన్షియల్ మాత్రమే" అని రాసి ఉంచుకోండి.